ఇత్తడి అతుకు

చిలకలగూడ గల్లీల మా షట్టరు
సగమే లేస్తది.
మనుషులం వంగి పోతం,
బండ్లను పక్కకు వాల్చి తీస్కపోతం.

ఈసారి యెజ్డీ తెచ్చింది ఒక పిల్ల. పేరు ఉదయిని.
ఫోన్ల బొమ్మ చూపెట్టింది:
ఎనక మడ్‌గార్డు లేదు, సీటు అరచేతంత,
హ్యాండిలు మేకపోతు కొమ్ముల లెక్క.
"ఎనక ఫ్రేము కోసెయ్యండన్నా" అన్నది,
జుట్టు కత్తిరించుమన్నంత అల్కగ.

కోసేముందు ఒలవాలె.
రిమూవరు పూసి చాయ్ తాగొచ్చేసరికి
రంగు నానిన గోడ సున్నం లెక్క ఉబ్బింది.
పైన ఎవడో స్ప్రే డబ్బాతోటి కొట్టిన బూడిద నలుపు.
కింద పోస్టు డబ్బా ఎరుపు.
దాని కింద ఆకుపచ్చ,
ఆకుపచ్చ కింద మళ్ళ నలుపు. అది కంపెనీది,
కాకి రెక్క లెక్క ఇంకా మెరుస్తున్నది.

సీటు కింద, ఎడమ పైపు మలుపుల
గోరు ఆగింది.
పుట్టీ. గీకిన.
పుట్టీ కింద ఇత్తడి, సన్నగ, నున్నగ,
ఒక మూలకు వెలిగారం గాజు ఇంకా అంటుకోని.
ఎవరి చెయ్యో అడిగే పని లేదు.
జహంగీర్ మామ అతుకు
ఇసుక మీద గాలి గీసిన గీతల లెక్కుంటది.

ఇత్తడి అంచుకు, అది మింగలేక మిగిల్చినకాడ,
ఇంకో అతుకు.
మేక పెంటికలు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది,
నడుమ బొక్క.

అది నాది.

ఇరవై రెండేండ్ల కింద, పదహారేండ్ల పోరణ్ణి,
మామ మొదటిసారి గ్యాసు నా చేతికిచ్చిన దినం.
ఇంటికి పోయి అమ్మకు చెప్పిన
బండి నడుము అతికిచ్చిన అని.
నల్ల కండ్లద్దాలు తీయకుండనే బువ్వ తిన్న.
తర్వాత ఎన్నేండ్లో
రోడ్డు మీద యెజ్డీ చప్పుడు ఇనపడితే మెడ తిప్పేటోణ్ణి,
నా అతుకు మీద కూసోని పోతున్నడేమో ఎవడన్న అని.

మామ గడప కాడ కుర్చీల ఉన్నడు.
చెవులు పోయినయి.
స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద, పిడి చెవెనక ఎముక మీద ఆనిచ్చి
ఇప్పటికీ బేరింగు రోగం చెప్తడు.
ఫ్రేము ఈడ్చుకపోయి ఆయన మోకాళ్ళ కాడ పెట్టిన.
వేలితోటి తడిమిండు.
"పుట్టీ మంచిది దొరికేది అప్పట్ల" అన్నడు.

"నాకు చెప్పలేదేంది?"
అరిచి అడిగిన, ఎదురుంగ కిరాణం కొట్టాయన సుతం తలెత్తిండు.
"చెప్తే తెల్లారి పనికి వస్తుంటివా?"
కొంచెమాగి,
"ఆ వారం జీతంల పది రూపాలు తక్కువొచ్చినయి, యాదికున్నదా?"
యాదికి లేదు.

ఉదయినికి ఫోను చేసిన.
కోస్త గని, అతుకు దాటినంక కోస్త.
"సెంటిమెంటా అన్నా?"
"కాదు, బలం" అన్న.
సగం అబద్ధం.

పుత్లీబౌలీల తుక్కు కుప్ప కింద చిన్న టాంకు దొరికింది.
తోక పైపు మాత్రం అఖిల్‌గానికిచ్చిన. వానికిదే మొదలు.
పని చేసినంతసేపు నాలిక బయటికి పెట్టి చేసిండు,
ఇంటికి పోతపోత మూడుసార్లు తిరిగి చూసిండు.

వాడు మలుపు తిరిగినంక
షట్టరు లోపల్నించి దించిన.
గ్యాసు తిప్పి చూసుకున్న, వెలిగారం డబ్బా మూత తీసిపెట్టుకున్న.
టార్చి ఏసిన. గోరు పెట్టిన.
సుత్తెతోటి తట్టిన, కంగుమన్నది.
నమ్మక ఇంకోసారి తట్టిన.

మంచిగనే ఉన్నది.
నాకంటె మంచిగ.

మూత పెట్టేసిన.
ఇగ ఏం చెయ్యాల్నో తెల్వలే.
బల్ల మీది ఇంజనుకు ఒకటే కడ్డీ, కిక్కూ అదే, గేరూ అదే.
దాన్ని మడిచి, లేపి, మళ్ళ మడిచి
చాన్సేపు కూసున్న.